మా పెద్దమ్మ క్షమించలేదు

మా పెద్దమ్మ పోయిన నెల గుంటూరులో ఒక ఆసుపత్రిలో చనిపోయింది. కిడ్నీలు పనిచేయడం మానేశాయి. ఆఖరి రోజు మంచం పక్కన నేనూ, ఆమె కోడలైన మా వదినా ఉన్నాం. పెద్దకర్మ కూడా కాకముందే ఒక వీడియో బయటికొచ్చింది. 'కన్నుమూసే ముందు, కూతురిని చంపినవాణ్ణి క్షమించిన తల్లి' అని దాని పేరు. వెనక వేణువు వినిపిస్తుంటుంది. మాట్లాడింది, ఆ హంతకుడి మీద పుస్తకం రాసిన రచయితే.

నేను చాలా ఏళ్లుగా విలేకరిని. తప్పు వార్త వస్తే ఖండన రాయడం మా వృత్తిలో ఉన్నదే. ఇది మా పెద్దమ్మకు నివాళి. ఆ వీడియోకు ఖండన కూడా.

పెద్దమ్మ చిలకలూరిపేటలో హైవే పక్కన భోజనం హోటల్ నడిపేది. లారీ డ్రైవర్లు, జిన్నింగు మిల్లు కూలీలు వచ్చేవాళ్లు. మిల్లు నుంచి వచ్చినవాళ్ల తలల నిండా దూది ఉండేది. "ఒరేయ్, ముందు బయట దులుపుకుని రండి, పప్పులో పడుద్ది" అని గుమ్మంలోనే ఆపేసేది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక పేపరు తీసి నేరవార్తలు పైకి చదివేది. చదివాక ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "చంపినోడు ఏం చదివాడో రాశారు, ఏం చొక్కా వేశాడో రాశారు. చచ్చిపోయినామె ఏం పని చేసేదో రాయలేదేం?" చేతులు కడుక్కుంటున్న డ్రైవరు దానికి ఏం చెప్తాడు? "నాకేం తెలుసు పెద్దమ్మా" అని వెళ్లిపోయేవాడు.

ఆమె కూతురు, మా అక్క, బస్సు కండక్టరు. పేట నుంచి చీరాల వెళ్లే రూటు. ఒకసారి కాలేజీ పిల్లను తాకుతూ నిలబడ్డ ఒకణ్ణి, విజిల్ వేసి బస్సు ఆపించి, నడిమధ్యాహ్నం పత్తిచేల మధ్య దించేసింది. "ఊరింకా చాలా దూరముందండీ" అని వాడు బతిమాలాడట. "నడువు. బుద్ధొచ్చేసరికి ఊరొచ్చుద్ది" అందట మా అక్క. ఆ రోజు బస్సులో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఈ మాట చెప్పుకుంటారు.

అక్కను చంపినవాడు పెద్దమ్మ ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాడు. ఒక ఫైనాన్స్ కంపెనీకి వసూళ్లు చేసేవాడు. రోజూ పెద్దమ్మ హోటల్లోనే అన్నం తినేవాడు. అక్క సెలవు రోజున, పెద్దమ్మ హోటల్లో ఉన్న వేళ, ఇంట్లో అక్కను వెనకనుంచి తలమీద కొట్టి, మెడలో గొలుసూ చేతి గాజులూ తీసుకుని పారిపోయాడు. యావజ్జీవం పడింది. తీర్పులో ఉన్నది ఇంతే.

ఆ కేసు గురించి నేనొక్క అక్షరం రాయలేదు. సొంత మనిషి కేసు విలేకరి రాయకూడదు. మా ఆఫీసులో ఇంకొకతను రాశాడు. పెద్దమ్మ దీనికి నన్ను చాలాసార్లు దెప్పింది.

"ఏరా, ఊళ్లో అందరి చావులూ రాస్తావు. మీ అక్కది రాయవేం?"

"సొంతవాళ్లది రాయకూడదు పెద్దమ్మా."

"సరే, నేను పోయాక రాయి. అప్పుడు నా గురించి రాస్తావు కదా. అందులో పెట్టు."

పుస్తకం రాసే ముందు ఆ రచయిత హైదరాబాదు నుంచి హోటలుకు వచ్చాడు. అప్పటికే జైల్లో హంతకుణ్ణి చాలాసార్లు కలిశాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"అమ్మా, ఆ రోజు మీకేమనిపించిందో కొంచెం చెప్తారా?" అన్నాడు.

"నాకేమనిపిస్తే నీకెందుకయ్యా? వాడెట్టా దొరికాడో రాయి. తుమ్మి దొరికాడు."

అది నిజం. పారిపోయినవాడు పేట అవతల ఒక పల్లెలో ఎండుమిరపకాయల గోడౌన్లో దూరాడు. పక్కనే పత్తి గోడౌన్ ఉంది. అందులో దాక్కుని ఉంటే కొంతకాలం దొరికేవాడు కాదు. పోలీసులు వెళ్లేసరికి లోపలినుంచి తుమ్ములు. జీపులోంచి దిగిన హెడ్ కానిస్టేబుల్ "లోపలికెందుకు సార్, వాడే వస్తాడు" అని టీ తెప్పించుకున్నాడు. టీ అయ్యేలోపే వాడు కళ్లూ ముక్కూ తుడుచుకుంటూ చేతులెత్తి బయటికొచ్చాడు. ఆ హెడ్ కానిస్టేబుల్ కోర్టులో సాక్ష్యం చెప్పినప్పుడు జడ్జిగారు కూడా తల దించుకుని నవ్వారు. విచారణ జరిగినన్నాళ్లలో పెద్దమ్మ ముఖంలో కాస్త వెలుగు చూసింది నేను ఆ ఒక్కరోజే.

రచయిత నవ్వలేదు. "బాగుందండీ, కానీ పుస్తకం టోన్‌కి సరిపోదు."

"టోన్ అంటే?"

"అంటే... చదివేవాళ్లకి అతనంటే కొంచెం భయం ఉండాలండీ."

"నా బిడ్డే వాడికి భయపడలేదు. చదివేవాళ్లకెందుకు భయం? వెనకనుంచి కొట్టినోడు వాడు."

ఫొటో అడిగితే యూనిఫాంలో, భుజాన సంచీతో, ఎవరిమీదో కసురుకుంటున్న అక్క ఫొటో ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "లంగావోణీలో ఏమన్నా ఉందాండీ?" అన్నాడు. పెద్దమ్మ ఫొటో వెనక్కి తీసేసుకుంది.

పుస్తకం వచ్చింది. అట్టమీద వాడి కళ్లు మాత్రమే ఉన్నాయి. లోపల వాడు మేధావి, ప్రేమ దొరకని పసివాడు, జైల్లో చదరంగం ఆడే ఒంటరి. మా అక్కకు దక్కింది ఒక పేరా. అందులో ఆమె పల్లెటూరి అమాయకురాలు, నవ్వితే బుగ్గల్లో సొట్టలు. మా అక్కకు సొట్టల్లేవు. ఆమె ఉద్యోగం ఏమిటో పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. తుమ్ము సంగతీ లేదు. వాడు 'పోలీసులకు తనంతట తానే లొంగిపోయాడు'. వాడిప్పుడు ముందస్తు విడుదల కోరుతూ అర్జీ పెట్టుకున్నాడు. తను మారిన మనిషినని చూపడానికి ఆ పుస్తకాన్నే జతచేశాడు.

అందుకే క్షమించిందన్న మాటను నేను వదిలిపెట్టను. ఆసుపత్రిలో జరిగింది ఇదీ. మా వదిన భక్తురాలు, మంచి మనిషి. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "క్షమించెయ్యండి అత్తయ్యా, మనసు తేలికవుద్ది" అంది.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. "నా మనసు బరువుగా ఉందని నీకెవరు చెప్పారే?" అంది. "వాడు లోపలే ఉండాలి. ముసలాడై లోపలే పోవాలి" అంది. ఆ తర్వాత మంచినీళ్లు అడిగింది. ఇంకేం మాట్లాడలేదు.

వీడియో చూశాక రచయితకు ఫోన్ చేశాను. "క్షమించిందని మీకెవరు చెప్పారు?" అని అడిగాను.

"ఎవరో చెప్పడం కాదండీ. ఏ తల్లైనా చివరికి క్షమిస్తుంది కదా. చూసేవాళ్లకి కూడా ఒక ముగింపు కావాలి."

"ముగింపు కావాలంటే వాడు జైల్లో ఉన్నాడు. అదే ముగింపు" అని పెట్టేశాను.

ఇది అచ్చయ్యాక ఒక ప్రతిని ఆ అర్జీ పరిశీలిస్తున్న అధికారులకు పంపుతున్నాను. సాక్షిగా కింద నా సంతకం ఉంటుంది. వదిన కూడా సంతకం చేస్తానంది. నేను అడగలేదు, తనే అంది. వాడు బయటికొస్తే పుస్తకం రెండో ముద్రణ వస్తుంది, వాడు వేదికలెక్కుతాడు, దండలు పడతాయి. నాకు చేతనైనంతవరకు అది జరగనివ్వను. నాకు తెలిసిన ఆయుధం జరిగింది జరిగినట్టు రాయడమే. దాన్ని పగతోనే వాడుతున్నాను.

పెద్దమ్మ ఆసుపత్రిలో చేరడానికి కొన్ని నెలల ముందు, ఆ అర్జీ మీదే అభిప్రాయం చెప్పమని గుంటూరు పిలిచారు. నేను తోడు వెళ్లాను. అధికారి మర్యాదస్తుడు. "అభ్యంతరం ఉందని రాసుకుంటామమ్మా, సంతకం పెట్టండి" అన్నాడు.

"పెడతానయ్యా. ముందు మా అమ్మాయి ఎవరో రాసుకోండి. ఆ పుస్తకంలో తప్పు రాశారు."

అధికారి నా వైపు చూసి, పెన్ను మూత తీశాడు. పెద్దమ్మ చెప్తూ పోయింది. ఆయన రాస్తూ పోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు పేట బస్సు ఎక్కాం. పెద్దమ్మ నేరుగా వెళ్లి తలుపు పక్కనున్న ఒంటి సీట్లో కూర్చుంది. కండక్టరు చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది. "మామ్మగారూ, అది కండక్టర్ సీటండీ. వెనక ఖాళీ ఉంది" అంది.

"తెలుసమ్మా" అంది పెద్దమ్మ. లేవలేదు.

ఆ అమ్మాయి ఇంకోసారి అడగలేదు. టిక్కెట్లు కొట్టడం అయ్యాక వచ్చి, పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. యడ్లపాడులో బస్సు ఆగింది. పెద్దమ్మ తల బయటికి పెట్టి, దిగేవాళ్లు దిగేదాకా, ఎక్కేవాళ్లు ఎక్కేదాకా చూసింది. తర్వాత తలుపు రేకుమీద అరచేత్తో గట్టిగా చరిచి, "రైట్!" అని కేకేసింది. డ్రైవరు వెనక్కి చూడకుండానే బస్సు కదిలించాడు.