మిరప కళ్లంలో వైద్యవాహనం

కోవిడ్ తగ్గాక వచ్చిన మొదటి వేసవికి ముందు, మాఘమాసంలో, నన్ను నరసరావుపేటలోని మా వైద్యశాఖ వాహనాల వర్క్‌షాపుకు అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. చేరిన వారంలోనే ఒక పాత సంచార వైద్యవాహనాన్ని అప్పగించారు. ఇద్దరు మహిళా సిబ్బంది రోజుల తరబడి అందులోనే ఉండేందుకు రెండు బెర్తులు, చిన్న వంటగట్టు, మందుల అర ఉండేవి. శీతాకాలంలో మాత్రమే తిరిగి, మిగతా ఏడాదంతా షెడ్డులో ఉండేది. ఆ నెలల్లో బొల్లాపల్లి వైపు తండాల్లో బీపీ, షుగరు రోగులకు మందులు అందేవి కావు. బండిని ఏడాది పొడవునా తిరిగేలా తయారుచేయాలి. ట్రయల్‌లో నెగ్గకపోతే దాన్ని కండెమ్ చేసి, అంటే పనికిరానిదని తీర్మానించి, రూటునే రద్దు చేస్తారు.

"ఏందమ్మా, ఈ ముసల్దానికి సోకులు చేస్తావా?" అన్నారు నా పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. చేస్తానన్నాను.

పైకప్పు ఒంటి రేకు, ఎండకు కాగిపోయేది. లోపలివైపు ఫోమ్ పలకలు పరిచి ప్లైవుడ్ వేయించాను. పైన మూడు వేళ్ల ఎత్తులో సోలార్ పలకలు బిగించాం. అవి కరెంటుతో పాటు కప్పుకు నీడనూ ఇస్తాయి, మధ్య సందులో గాలి ఆడుతుంది. వానల కోసం తలుపులకు రబ్బరు బీడింగు మార్చి, అడుగు వైర్లను నల్లరేగడి బురద తగలకుండా పైపుల్లోకి ఎక్కించాం. బాడీ పనంతా మా వర్క్‌షాపు మెకానిక్కు మస్తాన్‌ది. హెడ్డాఫీసు ఆమోదించిన డ్రాయింగు ప్రకారం కప్పులో ఎగ్జాస్టు ఫ్యాను కూడా పెట్టాం. లోపలి వేడిని బయటికి తోయడం దాని పని.

ట్రయల్‌కు వేసవి మొదట్లో బొల్లాపల్లి దగ్గర ఒక ఊరికి వెళ్లాం. అక్కడ బండి నిలిపేంత చదును జాగా కళ్లం ఒక్కటే. శీతాకాలం మొదట్లో అది ఖాళీగా ఉంటుంది, వేసవి వచ్చేసరికి మిరపకాయలతో నిండిపోతుంది. డ్రాయింగు గీసినవారికి ఆ సంగతి తట్టలేదు. మా పక్కనే ఒకాయన టిక్కీ తొక్కుతున్నాడు. టిక్కీ అంటే మిరప బస్తా, కాయల మీద నిలబడి తొక్కితేనే నిండుతుంది. ఫ్యాను వేసిన కాసేపటికే నర్సు రాహేలు, బీపీ చూస్తున్నదల్లా, దగ్గుతూ కిందికి దిగింది. వెనకే రోగీ దిగింది.

"ఏమే నర్సమ్మా, మాకు మందియ్యను వచ్చి నువ్వే దగ్గుతున్నావేందే?" అంది కాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ.

"నీ మిరపకాయలకి బీపీ చానా ఎక్కువుంది పెద్దమ్మా," అంది రాహేలు కళ్లు తుడుచుకుంటూ. కళ్లమంతా నవ్వింది.

ఆఫీసులో ఈ సంగతి విన్న నా పై అధికారి మాత్రం నవ్వలేదు. కండెమ్ రాసేద్దామన్నారు. తప్పు బండిది కాదు, ఫ్యానుది అన్నాను. ఫ్యాను గాలిని బయటికి తోసినకొద్దీ, ఆ ఖాళీ నింపడానికి తలుపు సందుల్లోంచి, వైరు రంధ్రాల్లోంచి బయటి గాలి చొరబడుతుంది. దాంతోపాటే మిరప దుమ్మూ వస్తుంది. అదే ఫ్యాను గాలిని ఫిల్టరు గుండా లోపలికి తోస్తే లోపలి ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. అప్పుడు ప్రతి సందులోంచీ గాలి బయటికే పోతుంది. వారం గడువు అడిగి తీసుకున్నాను.

"డ్రాయింగుకి ఎదురు పోతే మీ రిటైర్మెంటు కాయితాలు ఆపుతారు మేడమ్," అన్నాడు మస్తాన్.

"నువ్వు ఫ్యాను తిరగేసి బిగించు, ఫిల్టరు పెట్టు. మార్పు కాయితం మీద సంతకం నాది."

రెండో ట్రయల్‌నూ అదే కళ్లంలో, టిక్కీలు తొక్కుతుండగానే చేశాం. వచ్చిన రోగులందరినీ చూశాకే రాహేలు కిందికి దిగింది. అయితే లోపలి వేడి మొదటిసారి కంటే రెండు డిగ్రీలు ఎక్కువగా ఉంది. దాన్ని పట్టుకుని, ఆమోదం లేని మార్పు ఎందుకు చేశారంటూ నాకు మెమో ఇచ్చారు. ఫ్యానును మళ్లీ గాలి బయటికి తోసేలా తిప్పమన్నారు. వేడి పెరిగింది నిజమే, డ్రాయింగు దాటిందీ నిజమే, అయినా తిప్పను అని జవాబు రాశాను. నా పై అధికారి నన్ను పిలిపించి ఇంత మొండితనమేందని అడిగారు.

"ఎగ్జాస్టే ఉండాలంటే కళ్లానికి రండి సార్. తలుపులేసుకుని, ఫ్యాను వేసుకుని, లోపల కూర్చుని ఆర్డరు రాయండి. అప్పుడు తిప్పుతాను."

ఆయన రాలేదు. ఆర్డరూ రాలేదు. బండి ఆ వేసవంతా, తర్వాత వానల్లోనూ తిరిగింది. మెమో మాత్రం మూయలేదు. నా పదవీ విరమణ తర్వాత అది తేలేదాకా పెన్షను ఆపారు. జవాబు మార్చి రాస్తే వెంటనే వదులుతామని కబురు పంపారు. మార్చలేదు.

వాహనాన్ని అది నిలబడబోయే నేల మీద, నిలబడబోయే కాలంలోనే పరీక్షించాలి. ఆమోదించిన డ్రాయింగు అక్కడ తప్పని తేలితే, మార్చిన ఇంజనీరు తన పేరుతో సంతకం చేయాలి. చేసిన సంతకాన్ని వెనక్కి తీసుకోకూడదు.