పది గంటల లండన్

లక్సెట్టిపేటల హనుమండ్లు సారు ముంగట ఏ ఊరి పేరు తీసినా, ఆ ఊరికి విమానంల ఎంతసేపో చెప్పంది వదిలిపెట్టడు. బొగ్గుబాయిల సర్వేయరుగా ముప్పై ఏండ్లు భూమి కింద కొలతలు తీసిన మనిషి, రిటైరైనంక మొగులు మీద పడ్డడు. పోనీ విమానం ఎక్కిండా అంటే, ఒక్కసారి సుత ఎక్కలే.

ఓసారి కరీంనగర్ బస్సుల టికెటు తీసుకుంట, "సూటిగ కొలిస్తే యాబై కిలోమీటర్లు సుత లేదు. ఇమానమైతే నాలుగు నిమిషాలు" అన్నడు.

"అయితే గా ఇమానమే ఎక్కుపో తాతా" అన్నది కండక్టరమ్మ.

సారు చిన్నబోలే. వెనక సీటామె మొగడు మస్కట్ల ఉన్నడని తెలిసి అటు తిరిగిండు.

"మస్కటా? హైదరాబాద్ నుంచి మూడున్నర గంటలు. మనం బస్సుల హైదరాబాద్ పోవుడే ఐదు గంటలు. నీ మొగడు హైదరాబాద్ కన్న దగ్గరున్నడు బిడ్డా!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అదే బస్సుల ఉన్న పక్కింటి రిబ్కమ్మ తల కొట్టుకున్నది.

ఆ రిబ్కమ్మకే ఆపతి వచ్చింది. బిడ్డ రెబెకా లండన్‌ల నర్సు. నెలలు నిండినయి, అవ్వ రావాలని ఫోన్ల ఒకటే ఏడుపు. టికెటు పంపింది. రిబ్కమ్మకేమో మిద్దెక్కితేనే కండ్లు తిరుగుతయి.

"నేను పోనన్నా. అంత మీద ఏమన్నయితే?"

"ఏడువేల ఏడువందల కిలోమీటర్లు. పది గంటలు" అన్నడు సారు.

"గదా నేనడిగింది?" అని ఆమె తలుపేసుకున్నది.

తెల్లారి నుంచి సారు ఇంట్ల నిలువలే. విమానమెక్కొచ్చినోళ్ల ఇండ్లన్ని తిరిగిండు. "చెవులెప్పుడు మూసుకపోయినయి? బువ్వ ఎన్నో గంటకు పెట్టిండ్రు?" అని రాసుకున్నడు. పిచ్చి ముదిరిందనుకున్నరు జనం. వారానికి రిబ్కమ్మ చేతుల ఒక కాయిదం పెట్టిండు.

"గంటకొక్క ముక్క సదువు చెల్లే. ముందుకు పోకు."

కాయిదంతోటి ధైర్యమొచ్చిందో, బిడ్డ ఏడుపుకు ఓర్వలేకనో, రిబ్కమ్మ విమానమెక్కింది.

"మొదటి గంట: చెవులు మూసుకపోతయి. చెవుడు గాదు, ఉమ్మి మింగు."

"రెండో గంట: బువ్వ పెడ్తరు. సప్పగుంటది. తొక్కు డబ్బా తియ్యి."

ఆరో గంటకు విమానం గడగడ ఊగింది. రిబ్కమ్మ ప్రభువా అనుకుంట కాయిదం విప్పింది.

"చెల్లే, నువ్వు నీ ప్రభువును మొక్కు. ఈడ నేను కొండగట్టు అంజన్నను మొక్కుతున్న. ఇద్దర్ల ఎవరో ఒకరు ఇమానాన్ని పట్టుకుంటరు."

ఆమె ఫక్కుమని నవ్వింది. పక్క సీటాయన ఉలిక్కిపడ్డడు.

"ఎనిమిదో గంట: ఇగ రెండు గంటలే. బస్సుల కరీంనగర్ పోయినంత దూరంల ఉన్నది నీ బిడ్డ."

అప్పుడు గాని రిబ్కమ్మ కుర్చీకి వీపు ఆనించలే.

దిగంగనే బిడ్డ ఫోన్ గుంజుకొని చేసింది. సారు భార్య శంకరవ్వ ఎత్తింది.

"అన్న ఏడి వదినే?"

"పొద్దుగాల నువ్వెక్కిన కాన్నుంచి గడియారం ముంగట కూసున్నడు. చెల్లె దిగేదాక ముద్ద ముట్టనన్నడు. పది గంటలు నిండంగనే పల్లెం ముంగట కూసున్నడు, గిప్పుడు మూడోసారి అన్నం పెట్టిచ్చుకుంటుండు. ఫోన్ ఇయ్యాల్నా?"

వెనుకనుంచి సారు నోట్ల బుక్కతోటి ఏందో అంటుండు, ఒక్క ముక్క సమజైతలేదు.

"వద్దొద్దు, కడుపునిండ తిననియ్యి వదినే. జర నెయ్యి గూడ వెయ్యి" అని రిబ్కమ్మ పకపక నవ్వింది.