మునిరత్నం ఒక్కడికే

ఒక మనిషి మీది కుళ్ళుతో ఎనభై కంప్యూటర్ల ఆఫీసును ఒక్క పూటలో ఎలా మంచాన పడేయవచ్చో నాకంటే బాగా చెప్పగలవాళ్ళు చిత్తూరు జిల్లాలో లేరు. గొప్పకు చెప్పడం లేదు, అనుభవం అలాంటిది.

అప్పట్లో నేను పలమనేరులో ఒక పాల కంపెనీలో నెట్‌వర్కు చూసేవాణ్ణి. ఆరేళ్ళు నాదే రాజ్యం. ప్రింటరు మొరాయిస్తే చాలు, "శంకరన్న యాడ?" అని వెతికేవాళ్ళు. ఏడో ఏట నాకు తోడుగా ఏర్పేడు నుంచి మునిరత్నాన్ని తెచ్చి వేశారు. నెల తిరక్కుండానే అందరూ "మునిరత్నం యాడ?" అనసాగారు. మేనేజరు అతనికి ఏసీ కింద సీటిచ్చాడు. పలమనేరు చలికి ఆ ఏసీని ఏడాదిలో పది రోజులైనా వేయరు. అయినా నాకు ఒళ్ళు మండింది. బిల్లుల సెక్షన్ పద్మమ్మ అతనికి మూడు ఒబ్బట్లూ నాకు ఒకటీ పెట్టిన రోజున ఇక ఓర్చుకోలేకపోయాను.

మా సర్వరులో గ్రూప్ పాలసీ అని ఒకటుంటుంది. ఒక నియమం పెట్టి, అది ఎవరికి వర్తించాలో జాబితాలో పేరు చేరిస్తే, ఆ మనిషి లాగిన్ కాగానే అది వచ్చి నెత్తిన కూర్చుంటుంది. పెన్‌డ్రైవ్ పనిచేయకూడదు, కంట్రోల్ ప్యానెల్ తెరుచుకోకూడదు అని ఒక పాలసీ తయారుచేశాను. జాబితాలో మునిరత్నం పేరు చేర్చాను. నా పెళ్ళి శుభలేఖలో నా భార్య పేరును కూడా అంత శ్రద్ధగా సరిచూసుకోలేదు.

మర్నాడు పొద్దున పెన్‌డ్రైవ్ తెరుచుకోవడం లేదని మొదట పద్మమ్మ వచ్చింది. నేను చిరునవ్వు నవ్వబోయి ఆగాను. ఆమె పేరు నేను పెట్టలేదే? ఆమె వెనక గోడౌన్ వాళ్ళు, వాళ్ళ వెనక మేనేజరు. పదకొండింటికి బెంగళూరు నుంచి కొనుగోలుదారులు వస్తున్నారట, వాళ్ళకు చూపించాల్సినదంతా ఆయన పెన్‌డ్రైవ్‌లోనే ఉందట. గబగబా నాది పెట్టి చూశాను. నాదీ తెరుచుకోలేదు. వైరస్ సార్ అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, సిగ్గులేని నాలుక, మునిరత్నం పెన్‌డ్రైవ్ మీద అనుమానంగా ఉందని కూడా అనేసింది.

మేనేజరు వెంటనే మునిరత్నాన్నే పిలిచి, మా ఇద్దరినీ సర్వరు ముందుకు తీసుకెళ్ళాడు. రెండు నిమిషాల్లో అతను నా పాలసీ తెరిచాడు. జాబితాలో రెండు పేర్లున్నాయి. కిందిది అతనిది. పైన, లాగిన్ అయ్యే ప్రతి ఒక్కరూ అని అర్థం వచ్చే లైను. కొత్త పాలసీ ఏది చేసినా ఆ లైను దానంతటదే వచ్చి ఉంటుంది. దాన్ని తీసేసి కదా పేరు చేర్చాలి. కుళ్ళు తొందరలో నేను చేర్చడమే చేశాను, తీయలేదు.

మునిరత్నం తెర మీది తన పేరును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ఫ్యానును చూశాను.

"వైరస్ కాదు సార్," అన్నాడు నింపాదిగా. "కొత్త పాలసీని ముందు ఒకరి మీద వేసి సూడాల గదా. అన్న నా పేరు పెట్టినాడు. పైన అందరిదీ తీసేది మరిసిపోయినాడు, అంతే."

ఆ లైను తీసేసి, మేనేజరును మళ్ళీ లాగిన్ కమ్మన్నాడు. పెన్‌డ్రైవ్ తెరుచుకుంది. నన్ను కాపాడినందుకు చేతులెత్తి మొక్కాల్సింది పోయి, ఇంత మంచితనం వీడికే ఎందుకిచ్చావు దేవుడా అని కొత్తగా ఇంకో కుళ్ళు మొదలైంది నాకు.

మధ్యాహ్నం మేనేజరు నన్ను పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకుంటూ వెళ్ళాను.

"నీ పాలసీ బాగుండాదప్పా శంకరా. ఈ పెన్‌డ్రైవుల పీడ వదులుతాది. రేపట్నుంచి అందరికీ పెట్టు. నాక్కూడా."

"అట్లే సార్," అన్నాను, ప్రాణం లేచివచ్చి.

"మునిరత్నం ఒక్కడికి మాత్రం వద్దు. ఆ పిల్లోడికి పనుంటాది."

"మరి నాకు సార్?"

"నీకు ఉండనీలే."

వెళ్ళి కూర్చుని అతని పేరును మళ్ళీ అంతే శ్రద్ధగా టైపు చేశాను, ఈసారి ఇతనికి వర్తించకూడదు అన్న గడిలో టిక్కు పెట్టడానికి. మూడుసార్లు సరిచూశాను.

ఆ సాయంత్రం సర్వరు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఎవరి మీద ఎంత కడుపు మండినా సరే, జాబితా పైనుంచి కిందిదాకా చదవకుండా ఇక ఈ జన్మలో పాలసీ పెట్టనని.