ఎల్లమ్మ బిడ్డ

మా తెలుగు టీచరు కన్నుమూశారు. సోమవారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్‌కు వెళ్లేసరికి నా కోసం ఫోను వచ్చింది. అవతల ఆమె మనవరాలు. “అక్కా, అమ్మమ్మ పోయింది. చాయ్ తాగి పేపర్ చదువుకుంట కూసుంది. గట్లనే పోయింది” అంది. ఆ పిల్ల మాట ఎక్కడా తడబడలేదు. ఆ ఇంట్లో మాటను సగంలో వదిలేసే అలవాటు ఎవరికీ లేదు.

నేను రహమత్‌నగర్ చేరేటప్పటికి సందంతా జనం. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు. ఆటో నడిపేవాళ్లు, స్టూడియోల్లో లైట్లు మోసేవాళ్లు, ఒక డాక్టరమ్మ, కూరగాయల బండి ఆయన. పేపర్లలో ఆమె గురించి రాసేవాళ్లు ఉండకపోవచ్చు. అందుకే నేను రాస్తున్నాను.

ఎనభైల మధ్యలో మేం మద్రాసు నుంచి హైదరాబాదుకు వచ్చాం. మా నాన్న సినిమాల్లో సౌండు విభాగంలో పనిచేసేవారు. పరిశ్రమ కొంచెం కొంచెంగా ఇటు కదులుతున్న రోజులు. జూబ్లీ హిల్స్‌లో ఇళ్లకంటే బండరాళ్లు, సీతాఫలం పొదలే ఎక్కువ. మాకు శ్రీనగర్ కాలనీలో అద్దె ఇల్లు దొరికింది. నన్ను యూసఫ్‌గూడ దగ్గర ఒక చిన్న బడిలో వేశారు.

మొదటిరోజే ఒక సంగతి గమనించాను. మా క్లాసులో ఒకడు వెనక బెంచీలోంచి “ఒరేయ్ రాజిగా” అని పిలిచాడు. బోర్డు మీద రాస్తున్న మా తెలుగు టీచరు ఆగి వెనక్కి తిరిగారు.

“రాజిగాడెవరు? ఈ క్లాసుల గా పేరుతోని ఎవరు లేరు. రాజయ్య ఉన్నడు.”

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. “పేరు ఇరగ్గొట్టద్దు బిడ్డా. ఇరిగిన పేరుతోని మనిషి సక్కగ నిలబడలేడు” అన్నారు. బడి ఊడ్చే ఆమెను మిగతావాళ్లంతా నర్సీ అనేవాళ్లు. మా టీచరు మాత్రం “నర్సమ్మా, జర మంచినీళ్లు తెస్తవా” అనేవారు. నర్సమ్మ ఆ నీళ్ల గ్లాసును ఎప్పుడూ కొంగుతో తుడిచి తెచ్చేది.

ఇంకో సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. బడి రోడ్డు పక్కనే ఉండేది. లారీలు వెళ్తుంటే ఆమె పాఠం ఆపేవారు కారు. లారీ ఏదైనా గేటు ముందు ఆగితే మాత్రం పద్యం మధ్యలో ఉన్నా నోరు ఆగిపోయేది. అది మళ్లీ కదిలి వెళ్లిపోయాక, ఏమీ జరగనట్టు, ఆపిన మాట దగ్గరే అందుకునేవారు.

పాఠం పుస్తకం భాషలో చెప్పేవారు. మాట్లాడటం తన భాషలో మాట్లాడేవారు. అది కొందరికి నచ్చేది కాదు. స్టాఫ్‌రూమ్‌లో ఆమెను అనుకరించి నవ్వించే మాస్టారు ఒకాయన ఉండేవారు. మా అమ్మ కూడా ఒకరోజు నాకు జడ వేస్తూ అంది. “పాఠాలు బాగానే చెబుతుందంటగానీ, ఆ మాటేంటే తల్లీ, సినిమాల్లో రౌడీలు మాట్లాడినట్టు. అది మాత్రం ఇంటికి తేకు.” అమ్మ చెడ్డ మనిషి కాదు. అప్పటి సినిమాల్లో ఆ మాట రౌడీకో, నవ్వించే పనివాడికో తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. అమ్మకు తెలిసింది అదే.

ఎవరో తల్లిదండ్రులు వెళ్లి హెడ్మాస్టరుకు చెప్పారు. పిల్లల ముందు శుభ్రమైన తెలుగు మాట్లాడమని ఆయన ఆమెకు చెప్పారట. మర్నాడు ఆమె మాతో అన్నారు. “పుస్తకంల భాష పుస్తకానిది. మంచిగుంటది, నేర్చుకోండ్రి. మా అమ్మ భాష మా అమ్మది. అది సుత మంచిగుంటది. రెండిటికి కొట్లాట పెట్టకుండ్రి.” తర్వాత పద్యం అందుకున్నారు. ఆమె ఉన్నన్నాళ్లూ అలాగే మాట్లాడారు.

నేను పెద్దయ్యాక డబ్బింగ్‌లోకి వచ్చాను. తొంభైల మధ్యలో ఒక కొత్త డైరెక్టరు తెలంగాణ గడీల మీద సినిమా తీశారు. గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. అందులో ఊళ్లోవాళ్లు కూలి లేకుండా వెట్టి చేయాలి. సినిమాలో ఒక ముసలి వెట్టిమనిషి వేషం వేసిన పెద్ద నటిది గుంటూరు వైపు. బాగా చేశారు గానీ మాట కుదరలేదు. గొంతు అరువు ఇచ్చేవాళ్లు కావాలన్నారు. నేను మా టీచరు పేరు చెప్పాను. అప్పటికి ఆమె రిటైరయ్యారు.

గంజి పెట్టిన నేతచీర కట్టుకుని ఆటోలో వచ్చారు. చీకటి గదిలో తెర మీద ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, ఆ పెదవుల కదలికకు మాట అతకాలి. కొత్తవాళ్లు కంగారు పడతారు. ఆమెకు మధ్యాహ్నానికల్లా అలవాటైపోయింది. డైరెక్టరు సంతోషపడిపోయారు.

సాయంత్రం ఆ ముక్క వచ్చింది. తెర మీద ముసలామె దొర కాళ్ల దగ్గర వంగి ఉంది. అనాల్సిన మాట చిన్నదే. “బాంచెన్ దొరా, నీ కాల్మొక్త.” నీ బానిసను, నీ కాళ్లు మొక్కుతాను అని.

ఆమె నోరు తెరిచారు. మాట రాలేదు. ముక్క మళ్లీ వేశారు. రాలేదు. మైకులో ఆమె ఊపిరి మాత్రం వినిపించింది.

“పర్వాలేదు టీచర్‌గారూ, రేపు చేద్దాం” అన్నారు డైరెక్టరు.

నేను ఆమెను బయటికి తీసుకొచ్చాను. థియేటర్ వెనక పెద్ద బండ ఉంది. దాని మీద కూర్చుని టీ తాగుతూ, నన్ను చూడకుండా చెప్పారు.

ఆమె నల్లగొండ వైపు ఒక పల్లెలో పుట్టారు. తల్లి గడీలో వెట్టిమనిషి. పేరు ఎల్లమ్మ. గడీలో అందరూ ఎల్లి అనేవాళ్లు, చిన్నపిల్లలు కూడా. తండ్రి దొరల మీద పోరాడే సంఘంలో కలిసి ఎదురుతిరిగాడు. నిజాం కాలం చివర్లో ఒకరోజు రజాకార్లు ఆయన్ను పట్టుకుపోయారు, తిరిగి రాలేదు. తర్వాత భారత మిలిటరీ వచ్చింది. రజాకార్లు పోయారని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే, సంఘపోళ్లు ఎక్కడున్నారని లారీల్లో దిగి ఇల్లిల్లూ వెతికారు, మగవాళ్లను కొట్టారు. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని కాలినడకన పట్నం దారి పట్టింది. ఇక్కడ ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసి బిడ్డను బడికి పంపింది.

“గడీ ఇడిసిపెట్టినంగానీ గడీ మా అమ్మను ఇడిసిపెట్టలే” అన్నారు టీచరు. “ఇస్త్రీ బట్టలేసుకున్నోడు ఎవడు కనబడ్డా వంగేది. బస్సు కండక్టర్‌కు సుత దండం పెట్టేది బిడ్డా. బాంచెన్ అనేది. వాళ్లు నవ్వేటోళ్లు. నాకు సిగ్గయ్యి, అమ్మా నువ్వు గట్లనకే అని కొట్లాడేదాన్ని. సచ్చిపోయే దాక మానలే. ఇప్పుడు ఆ మాట నేనంటే మా అమ్మను మళ్ల వంగబెట్టినట్టే.”

అప్పుడు నాకు లారీల సంగతి, పేర్ల సంగతి రెండూ తెలిశాయి.

డైరెక్టరు కూడా వచ్చి కొంత దూరంలో నిలబడి విన్నారు. “వద్దండీ. ఆ మాట తీసేస్తాం. సంగీతంతో నింపేస్తాను” అన్నారు.

ఆమె టీ గ్లాసు బండ మీద పెట్టారు. “తియ్యద్దు సార్. తీసేస్తే గట్ల జరగనే లేదనుకుంటరు. ఆ మాట నేనే అంటా. గని ఒక్కటి చెప్పుండ్రి. సిన్మాల ఆమె పేరేంది?”

స్క్రిప్టులో ఆమెకు పేరు లేదు. ముసలామె అని ఉంది, అంతే.

“ఒక పేరు పెట్టుండ్రి.”

మర్నాడు పొద్దున ఆమె నేరుగా మైకు దగ్గరికి నడిచారు. పక్కన నన్ను ఉండమన్నారు. తెర మీద ముసలామె వంగింది. మా టీచరు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆ మాట అనేశారు. అది మా టీచరు గొంతు కాదు. ఇటుకలు మోసి అరిగిపోయిన గొంతు. గది అవతల సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి, ఇంకో టేకు అక్కర్లేదని చేత్తో సైగ చేశాడు.

ఆ ముక్క చివర్లో దొర వెళ్లిపోతాడు. ముసలామె మనకు వీపు పెట్టి మెల్లగా లేస్తుంది. వీపే కనిపిస్తుంది కనుక అక్కడ ఎవరి గొంతు చేర్చినా అతుకుతుంది. డైరెక్టరు నన్ను చూశారు. “వెనకనుంచి ఎవరో అమ్మాయి పిలిచినట్టు ఒక మాట చెప్పమ్మా. పేరు పెట్టి.”

“ఎల్లమ్మా, లేవండి” అన్నాను.

టీచరు తల అడ్డంగా ఊపారు. కన్నీళ్లు కారుతున్నాయి, పెదవుల మీద నవ్వు ఉంది. “లేవండి కాదు. లెవ్వు అను. పరాయిదాన్ని పిలిచినట్టు కాదు, మనిషి మనిషిని పిలిచినట్టు.”

“ఎల్లమ్మా, లెవ్వు.”

“ఇంకొక్కపారి. జర గట్టిగ.”

నేను అన్నాను. తెర మీద ఆ వంగిన వీపు మెల్లగా నిటారయింది. టీచరు కళ్లు తుడుచుకుని, “అయిపోయింది ఇగ. యాభై ఏండ్ల సంది గొంతుల ఇరికింది. ఇయ్యాల ఎల్లింది” అన్నారు. ఆ మధ్యాహ్నం థియేటర్ క్యాంటీన్‌లో ఉప్మా రెండోసారి అడిగి తిన్నారు.

సినిమా పెద్దగా ఆడలేదు. వచ్చిన మొదటివారం ఆమె, నేను, మనవరాలు కలిసి వెళ్లాం. మా అమ్మ కూడా వచ్చింది. మొదట్లో ఆ మాటలు వినగానే హాల్లో కొందరు నవ్వారు. ఆ భాష వినబడితే నవ్వాలని అలవాటు పడ్డవాళ్లు. నాకు ఒళ్లు మండింది. టీచరు నా మోచేతి మీద తట్టారు. “నవ్వనీ బిడ్డా. నవ్వయినంక ఇంటరు.”

విన్నారు. ముసలామె లేచే వేళకు హాల్లో చప్పుడు లేదు. బయటికొచ్చాక మా అమ్మ నన్ను దాటుకుని టీచరు పక్కకు చేరింది. ఆమె చెయ్యి పట్టుకుని, “మీ అమ్మగారి గురించి మా పిల్ల చెప్పిందండీ. ఒకసారి మా ఇంటికి భోజనానికి రండి” అంది. టీచరు వెళ్లారు. తర్వాత అమ్మ కూడా రహమత్‌నగర్ వెళ్లేది. ఇద్దరూ ఊరగాయల దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక మాట మీదికి రాలేదు.

గాయం మానిందని నేను చెప్పను. చివరిదాకా ఇంటి ముందు లారీ ఆగితే ఆమె మాట ఆగేది. కానీ తర్వాత ఆ ఆగడం పొట్టిదైంది. ఎల్లమ్మ గురించి మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పడం మొదలుపెట్టారు. తల్లి ఇటుకలు మోసిన మేడలు బంజారాహిల్స్‌లో ఎక్కడెక్కడున్నాయో వేలుపెట్టి చూపించేవారు. ఆ తర్వాత ఇంకో రెండు సినిమాలకు పనిచేశారు. వాటిలో ఆమె గొంతు ఒక లెక్చరరుది, ఒక డాక్టరు తల్లిది. రెండూ ఆమె భాషలోనే.

నేను ఆమెను చివరిసారి చూసింది పోయిన నెలలో. ఫిల్మ్‌నగర్ వాలులో బస్సు కోసం నిలబడ్డాను. పైనుంచి మనవరాలు మోపెడ్ నడుపుకుంటూ వస్తోంది. వెనక మా టీచరు. చీర కొంగు నడుముకు చెక్కుకుని, ఒక చేత్తో పిల్ల భుజం పట్టుకుని ఉన్నారు. “జర మెల్లగ తోలవే” అని ఆ రోడ్డంతా వినబడేలా చెబుతున్నారు, చెబుతూనే నవ్వుతున్నారు. పిల్ల వినలేదు. గాలికి ముడి ఊడి తెల్లజుట్టంతా వెనక్కి ఎగురుతోంది. నన్ను చూసి పిల్ల భుజం వదిలి ఆ చెయ్యి పైకెత్తి ఊపారు. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలాగే పైకి ఉంది.