నవోమి గారి పటంలో ఖాళీ

నాలుగేళ్లుగా పొద్దున్నే అన్నం వార్చి, గంజి చిక్కగా మరగబెట్టి పక్కింటికి తీసుకెళ్లేదాన్ని. ఇప్పుడు సింకులో పారబోస్తున్నాను. నవోమి గారు పోయి ఇరవై రోజులైంది.

ఆవిడ యూదులు. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపారు. రిటైరయ్యాక పాత రోడ్డు మ్యాపులు కత్తిరించి, అట్టల మీద అతికించి బొమ్మలు చేసేవారు. నదుల నీలం ఒక డబ్బాలో, అడవుల పచ్చ ఇంకో డబ్బాలో. ముక్కల మధ్య హీబ్రూ అక్షరాలు చేత్తో రాసేవారు. దేవుడి పేరు మాత్రం రాసేవారు కారు.

"అది రాసిన కాగితం పారెయ్యకూడదు ఉమా, మనిషిలా పూడ్చిపెట్టాలి. నాకేమో రోజూ తప్పులే!" అని నవ్వేవారు.

మొదట్లో మైదా బంక ఉడికించి ఇచ్చేదాన్ని. వాళ్ల పస్కా పండగ వారంలో పులిసే పిండి ఏదీ ఇంట్లో ఉండకూడదట. ఒకసారి తెలీక ఆ గిన్నెతో గడప దాటబోతే రెండు చేతులూ అడ్డం పెట్టేశారు.

"ఆగాగు! పిండేనా అది? రొట్టె పొడి కూడా లేకుండా వారం నుంచి ఇల్లు ఊడ్చి చచ్చానమ్మా!"

నాకు ఏడుపొచ్చింది. మర్నాడు గంజి పట్టుకెళ్లాను.

"మావాళ్లు ఈ పండక్కి అన్నం తినరు. అతికించుకోవద్దని ఎవరూ అనలేదులే," అన్నారు. అప్పట్నుంచీ గంజే.

చివరి బొమ్మ వాళ్లమ్మ వచ్చిన దారి. ఆ తల్లి పద్దెనిమిదేళ్లప్పుడు పోలండ్‌లో ఒక పల్లె నుంచి ఒంటరిగా పారిపోయి వచ్చింది. రైలు దార్లు, ఓడరేవు, షికాగో అన్నీ కుదిరాయి. పల్లె పేరే తెలియదు. అడిగితే వాళ్లమ్మ గిన్నెలు తోముకుంటూ ఉండిపోయేదట. నవోమి గారు రెండేళ్లు భూతద్దంతో వెతికారు. చూపు పోయింది గానీ పల్లె దొరకలేదు. అక్కడ అరచెయ్యంత ఖాళీ.

"ఏదో ఒక ఊరు పెట్టెయ్యండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నానొకసారి.

"అమ్మకి," అన్నారు.

పోయిన వారం వాళ్లమ్మాయి తాలియా ఆ అట్టా, పచ్చముక్కల డబ్బా తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టింది. ఆదివారం వాళ్ల గుడిలో బొమ్మలన్నీ ప్రదర్శనకి పెడతారట.

"ఆ బొక్క చూస్తే అమ్మ సగంలో లేచి వెళ్లిపోయినట్టుంది ఉమా. ఏదో ఒక పచ్చముక్క అతికించండి. అమ్మ పద్ధతి మీకే తెలుసు."

కళ్లు వాచి ఉన్నాయి పిల్లకి. సరేనన్నాను.

ముక్క కత్తిరించాను. అంచులు కూడా అచ్చంగా సరిపోయాయి. గంజి రాయబోతుంటే నవోమి గారు "అమ్మకి" అన్న మాట గుర్తొచ్చి, ముక్కని మళ్లీ డబ్బాలో వేసేశాను.

ఆదివారం తాలియా అట్ట అందుకుని చూసింది.

"టైమ్ సరిపోలేదా?"

"సరిపోయింది," అన్నాను. "చెయ్యలేదమ్మా."