మలుపులో ఎర్రగుడ్డ

మా అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున మంచం మీద లేచి కూర్చుని, సగం గ్లాసు గంజి తాగి, "రోడ్డు మింద ఏందో నిలిచినట్టుండాది, సూడు మే" అంది. నేను వెళ్ళి చూశాను. రోడ్డు మీద ఏమీ లేదు. ఆ మాట చెబుదామని లోపలికి వచ్చేసరికి ఆమె లేదు. నాలుగు రోజుల జ్వరం, అంతే. నన్ను అవతలికి పంపి మరీ పోయిందని ఏడుపులో కూడా నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

మా ఊరు పుత్తూరుకు ఈవల, తిరుపతి రోడ్డు మీద ఉంది. గుట్టను చుట్టుకొని రోడ్డు దిగే చోట ఒక మలుపు, మలుపు దిగీ దిగగానే మా ఇల్లు. గుట్ట అడ్డం కాబట్టి పైనుంచి వచ్చే బండికి కింద ఏముందో కనపడదు. మద్రాసు పోయే లారీలు, కొండ నుంచి తిరిగొచ్చే యాత్రికుల బస్సులు, అన్నిటికీ అదే దారి. మా అత్త ఆ మలుపు దగ్గర కూర్చుని ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మేది. బుట్ట కింద తల మీద పెట్టుకునే గుడ్డచుట్ట ఎప్పుడూ ఎర్రదే. పాత చీరను సగానికి చించి చుట్టుకునేది. రంగు వెలిస్తే ఇంకో ఎర్రచీర కోసం చుట్టాల ఇళ్ళన్నీ తిరిగేది. ముసలామెకు ఈ సోకేమిటని నేను నవ్వుకునేదాన్ని.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నాకు పెళ్ళయింది. పుట్టింది తిరుపతిలో కాబట్టి టౌను పిల్లననే మిడిసిపాటు కొంచెం ఉండేది. కాపురానికి వచ్చిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం మలుపు కింద జీపు పల్టీ కొట్టింది. ఊరంతా దాని దగ్గరికి పరుగెత్తింది. మా అత్త మాత్రం బుట్ట దించి, తల మీది గుడ్డ విప్పి, పడినవాళ్ళ వైపు చూడనైనా చూడకుండా పైకి పరుగెత్తింది. నాకు తల కొట్టేసినట్టయింది. కళ్ళెదుట మనుషులకు నెత్తురు కారుతుంటే పారిపోయే మనిషి ఇంటికి నన్నిచ్చారే అని మరునాడే మా అమ్మకు జాబు రాశాను.

జాబు సంగతి ఆమెకు తెలియదు. కొన్నాళ్ళకు ఇద్దరం చెనక్కాయలు ఏరుతుంటే తనే చెప్పింది. నా పెళ్ళికి చాలా ముందు అదే చోట ఇటుకల లారీ ఒకటి పడిందట. మా మామ, ఇంకో నలుగురు డ్రైవరును బయటికి లాగుతూ ఉన్నారట. అంతలో మలుపు తిరిగి ఇంకో లారీ వచ్చింది.

"మొదట పడిన డ్రైవరుకు మోకాలు గీసకపోయింది, అంతే మే. ఎత్తను పోయినోళ్ళు ఇద్దురు సచ్చిపోయిరి. మీ మామ ఒకడు" అంది. కాసేపు ఏరడం ఆపి, మళ్ళీ చేటలోకి చూస్తూ, "ముందు దావను నిలపాల. ఆ పైన మనిషిని ఎత్తాల. ఆ పొద్దు మాకెవురికీ తెలీల్యా" అంది.

ఈ మాటే ఆమె ఊళ్ళో అందరికీ నూరిపోసింది. బండి పడితే పది మంది ఎత్తేవాళ్ళు చాలు, మిగతావాళ్ళు రోడ్డు దిగి, పొలం గెనిమ మీద నిలబడి చూడాలి. బీడీ ఆర్పాలి, నూనె కారుతూ ఉంటుంది. ఒకసారి స్టేషను నుంచి వచ్చిన పోలీసాయన జీపును పడిన లారీకి ముందు, నీడన ఆపుకున్నాడు. దాన్ని తీసి మలుపు వైపు అడ్డంగా పెట్టమంది మా అత్త. "నా జీపు యాడ పెట్టాల్నో నువ్వు చెప్తావా మే?" అని ఆయన గుడ్లురిమాడు. "నీ పెండ్లాం బొట్టు కోసరం చెప్తా ఉండానప్పా" అంది ఈమె. ఆయన జీపు తిప్పాడు.

ఆమె అసలు పగ రాళ్ళ మీద. బండి చెడిపోతే లారీవాళ్ళు వెనకాల పచ్చి కొమ్మలు వేసి, వాటి మీద రాళ్ళు పెడతారు. బాగు చేసుకున్నాక కొమ్మలు ఎండిపోతాయిలే, రాళ్ళు ఎవరో తీస్తారులే అని వెళ్ళిపోతారు. మా అత్త కదలబోయే లారీకి ఎదురుగా నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడేది. "ఈ రాళ్ళు మీ నాయనొచ్చి తీస్తాడా? దిగు" అనేది. దిగినవాడికి తీసిన తర్వాత ఒక దోసెడు చెనక్కాయలు పెట్టేది. తిట్లు తిని చెనక్కాయలు తిన్న డ్రైవర్లు మద్రాసు దాకా ఉన్నారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పెళ్ళయిన మూడో ఏడు, ఒక పొద్దున గడ్డికి పోయి వస్తూ మలుపు పైన రోడ్డు మీద మూడు రాళ్ళు చూశాను. ఎవరో టైరు మార్చుకొని వదిలేసి పోయారు. నెత్తిన మోపు ఉంది, వంగితే పడిపోతుంది. అత్త వస్తుంది కదా, తీస్తుందిలే అనుకొని వచ్చేశాను. ఆ రోజు కట్టెలు పచ్చివై, కాయలు ఉడకక, అత్త ఇంకా పొయ్యి దగ్గరే ఉంది.

పదకొండు గంటల తిరుపతి బస్సు ఆ రాళ్ళ మీద ఎక్కింది. మలుపు తిరిగి, మా ఇంటి ముందే ఒక పక్కకు ఒరిగి పడింది. పంపు మోటారు సామాను కోసం ముందు రోజు తిరుపతి వెళ్ళిన మా ఆయన ఆ బస్సులోనే రావాలి. కిటికీలోంచి లోపలికి చూసిన ఒకాయన, "అక్కా, నీ కొడుకు దీంట్లోనే ఉండాడు!" అని అరిచాడు.

మా అత్త ఒక్క క్షణం బస్సు వైపు చూసింది. తర్వాత దండెం మీది గుడ్డ లాక్కొని పైకి పరుగెత్తింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. "అత్తా, నీ కొడుకు!" అన్నాను. "తెలుసు మే. ఇడువు" అని విదిలించుకొని పోయింది. "నువ్వు తల్లివేనా?" అని వెనక నుంచి అరిచాను. ఆమె వినిందని నాకు తెలుసు.

మేం నలభై మందిమి రోడ్డు మీద ఉన్నాం. కిటికీల్లోంచి మనుషులను లాగుతున్నాం. మా ఆయన సగం బయటికి వచ్చాడు. అప్పుడు మలుపు పైన బ్రేకుల చప్పుడు వినపడింది. అది ఆగకుండా చాలాసేపు వచ్చింది. బండల లోడుతో దిగుతున్న లారీ అది. ఆమె పరిచిన కొమ్మలన్నీ తొక్కుకుంటూ వచ్చి, ఆమెకు మూరెడు దూరంలో ఆగిందని తర్వాత ఆ డ్రైవరే చెప్పాడు. ఆమె పక్కకు తప్పుకోలేదట. చివరి మనిషిని రోడ్డు మీద నుంచి తీసేదాకా ఆమె కిందికి రాలేదు.

మా ఆయనకు చెయ్యి విరిగింది. సాయంత్రం పుత్తూరు కట్టుతో ఇంటికి తెచ్చాం. మా అత్త వచ్చి కొడుకు ముందు కూర్చుని, చంటిబిడ్డకు నూనె రాసినట్టు, తల నుంచి పాదాల దాకా రెండు అరచేతులతో తడిమింది. నేను ఉండబట్టలేక రాళ్ళ సంగతి చెప్పేశాను. ఆమె నన్ను చూసింది, లేచి పొయ్యి దగ్గరికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు పొద్దున "పా మే" అని నన్ను మలుపు పైకి తీసుకుపోయింది. మైలురాయి పక్కన నిలబెట్టింది.

"ఈడ నిలబడితే రెండు పక్కలా కనపడతాది. నువ్వు మాత్తరం పైకే సూడాల. కిందికి సూసినావంటే కాళ్ళు ఆడికే పోతాయి."

"నిన్న నీకు చూడాలనిపించలేదా అత్తా?"

"అనిపిచ్చింది. అందుకే సూడల్యా" అంది.

ఆ తర్వాత ఆమె, నేను ఎన్నిసార్లు ఆ పైకి పరుగెత్తామో లెక్క లేదు. ఆమెకు మోకాళ్ళు పట్టేసినాక గుడ్డ నేను పట్టుకునేదాన్ని, కింద నుంచి ఆమె గెనిమ మీదివాళ్ళను అదిలించేది. "నువ్వు తల్లివేనా" అన్న మాటకు క్షమించమని అడగాలని పదేళ్ళు అనుకున్నాను. అడగలేదు. ఇప్పుడు వీధిలో ఏ ముసలి గొంతు "మే" అన్నా పనిలోంచి లేచి పోతున్నాను.

మా వల్లకాడు రోడ్డు అవతల, వంక గట్టున. బుధవారం పాడె లేపారు. పలకలు మోగుతున్నాయి. ఆడవాళ్ళం రోడ్డు దాకా సాగనంపాలి. ఆనాడు బస్సులో విరిగిన చేత్తోనే మా ఆయన నిప్పుకుండ పట్టుకొని వాకిలి దాటుతూ, ఆగి, నన్ను చూశాడు. ఆ తర్వాత దండెం వైపు చూశాడు. ఇంత మంది రోడ్డు దాటాలి, మలుపులో ఎవరూ లేరు.

నేను గుడ్డ తీసుకున్నాను. మా ఆడబిడ్డ చెయ్యి పట్టుకుంది. "కడసారి సూపు గూడా సూసుకోకుండా యాడికి పోతావు వదినా?" అని ఏడ్చింది. చెయ్యి విడిపించుకొని పైకి పరుగెత్తాను. కానుగ కొమ్మలు విరిచి వేసి, మైలురాయి పక్కన నిలబడి గుడ్డ ఊపాను. ఒక లారీ వచ్చి ఆగింది, దాని వెనక బస్సు. లారీ డ్రైవరు దిగి దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, ఇది పెద్దమ్మ గుడ్డ గదా? ఆయమ్మ యాడ?"

తిరక్కుండానే చెయ్యి వెనక్కి చూపాను. ఆయన నా పక్కన నిలబడి కిందికి చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. పలకల మోత దగ్గరగా వచ్చింది. ఒళ్ళంతా వెనక్కి లాగింది. ఒక్కసారి, ఒక్కసారి తిరిగి చూస్తే ఏమవుతుంది అనిపించింది. పైకే చూస్తూ నిలబడ్డాను. మోత రోడ్డు దాటి వంక వైపు పోయి సన్నబడింది.

"దాటేసినారమ్మా" అని ఆయన తువ్వాలు చుట్టుకున్నాడు.

కొమ్మలన్నీ అంచుకు లాగేసి, అప్పుడు తిరిగాను. రోడ్డు మీద బంతిపూలు, బొరుగులు తప్ప ఎవరూ లేరు. లారీ వాటి మీదికి ఎక్కకుండా అంచుకు జరిగి, మెల్లగా దిగిపోయింది.