ఎద్దుతో కొన్న మాట

బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలే మా ఎడపల్లి పెద్దాయన చేతిలో చెర్నకోల ఎప్పుడూ చూడలేదు. కాలువ వంతెన దిగేటప్పుడు ఒక ఎద్దుతో "నిమ్మలం" అనేవాడు. మరాఠీ సంతలో కొన్న రెండోదానితో "హళూ" అనేవాడు. రెండూ మెల్లగా నడవమనే మాటలే.

"ఎద్దును కొంటే దాని మాట సుత కొనుక్కరావాలె," అనేవాడు.

లారీలు చెరుకు మోయడం మొదలయ్యాక ఆ మరాఠీ ఎద్దును వర్ని ఊరి రైతుకు అమ్మేశాడు.

"ఎద్దుకు మాటలేంది పెద్దయ్యా," అని రైతు నవ్వాడు. అయినా "హళూ" అని సరిగ్గా పలికేదాకా ఈయన పగ్గం ఇవ్వలేదు.

రైతు వెంట ఎద్దు గబగబా నడిచిపోతుంటే, పెద్దాయన అలవాటుగా ఏదో అనబోయి నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

"నేనిప్పుడు ఆ మాటంటే నా గొంతు ఇని అది ఆగుతది, బిడ్డా," అన్నాడు నాతో.